రెండు తీగల ఆకు

ఆ వానాకాలం మా ఇంట్లో తోలూ ఆరలేదు, నా కడుపుమంటా చల్లారలేదు.

మాది తోలు మీద ఆకులూ తీగలూ చెక్కే ఇల్లు. ముందుగది దుకాణం, వెనకగది పని, మేడ మీద మేం. చెక్కడమంతా మామగారిది. కత్తిరింపులూ కుట్టుమిషనూ మా ఆయన చూసేవాడు. మరిది సరుకు వేసుకుని ఊళ్లు తిరిగేవాడు. నేను కాపురానికి వచ్చిన కొత్తలో సంచుల పట్టీలకు నూనె రాస్తూ మొదలుపెట్టి, మెల్లగా మామగారి పక్కన పీట వేసుకుని సుత్తి పట్టాను. ఆ పీట మీద నాకు పోటీ ఎవరూ లేరు. పోటీ లేనంతకాలం ఎవరి పనితనమైనా బాగానే ఉంటుంది.

వానలు మొదలవుతుండగా మరిదికి పెళ్లయి, తోడికోడలు వచ్చింది. సన్నగా, నెమ్మదిగా, నోట్లో నాలుక లేనట్టు ఉండే పిల్ల. వాళ్ల నాన్న తలుపుల మీద నగిషీలు చెక్కేవాడట. వచ్చిన వారానికే వెనకగది గుమ్మంలో నిలబడింది.

"ఊరికే కూర్చుంటే తోచడం లేదక్కా. నాకూ ఒక ముక్క ఇస్తావా?"

ఇచ్చాను. అంచు ముక్క, పట్టుకుంటే సాగిపోయేది, పట్టీకి కూడా పనికిరానిది. మంచి ముక్క ఇవ్వడానికి నేనేం దేవతను కాను. ఆ పిల్ల దాన్ని తడిపింది, కాసేపు ఆరనిచ్చింది, నా పాత పనిముట్లతోనే ఒక ఆకు చెక్కింది. మామగారు దుకాణంలోకి పోతూ ఆగి, వంగి చూశారు.

"బాగుంది," అన్నారు.

నేను సుత్తి కింద పెట్టేశాను. ఈ ఇంట్లో నా చేతుల కింద ఎన్ని ఆకులు మొలిచాయో లెక్కలేదు. వాటిలో ఒక్కదానికీ ఆ మాట దక్కలేదు. నాకు దక్కేవి వేరే.

"ఏమే పెద్దదానా, ఇది చెట్టు మీది ఆకా, పుస్తకంలో పెట్టి మరిచిపోయిన ఆకా?"

"దీనికి ఇస్త్రీ ఎవరు చేశారే?"

"ఈనె గీశావు. గీస్తే సరిపోయిందా? ఈనె నిలబడాలి, దానికి అటూ ఇటూ ఆకు జారాలి. వెన్నెముక లేని ఆకు ఆకేనా?"

అని ఊరుకుంటారా, పక్కన చతికిలబడి, నా చేతిలోంచి సుత్తి లాక్కుని, నేను చెక్కిన ఆకు పక్కనే మరో ఆకు చెక్కి, రెండూ చూసుకోమని నా ఒళ్లో పడేసి పోతారు. పూటంతా దానికే సరి. అప్పుడు నేను మొహం మాడ్చుకుని కూర్చునేదాన్ని. ఇప్పుడు ఆ పిల్లకు ఒక్క మాటతో పట్టం కట్టేశారు.

ఆ రాత్రి మా ఆయనతో అన్నాను. "ఇన్నేళ్లు చేస్తే నాకు మెచ్చి మేకతోలు కూడా కప్పలేదు మీ నాన్న."

"కప్పొద్దులే. మేకతోలు పలచన, నీ సుత్తి దెబ్బకు చిరిగిపోతుంది," అని అటు తిరిగి పడుకున్నాడు.

తెలియనివాళ్ల కోసం చెప్తాను. తోలు మీద ఆకును పైకి లేపడం ఎవరి తరమూ కాదు. తోలు ఎంత మందమో అంతే, పైకి రమ్మంటే రాదు. ముందు మెడ తిరిగే చిన్న కత్తితో ఆకు గీత కోస్తాం, సగం మందం దాటకుండా. తర్వాత ఒకవైపు ఏటవాలుగా ఉండే ఇనప ముద్రను ఆ గీతకు ఆనించి, చెక్కసుత్తితో కొడుతూ, ఆకు చుట్టూ ఉన్న తోలును కిందికి దించుతాం. ఆ ముద్రను మా ఇంట్లో 'వాలు' అంటారు. చుట్టూ దిగితే ఆకు లేచినట్టు కనిపిస్తుంది. గుండ్రటి ముద్రతో ఆకు పొట్టలో పల్లాలు తీస్తే అంచులు ముడుచుకున్నట్టు, గాలికి ఒరిగినట్టు వస్తుంది. ఒక ఆకు మీద ఇంకో ఆకు పడాలంటే కింది ఆకును, గీత వెంట, నొక్కేయాలి. అందుకని మామగారు బొమ్మ గీసేటప్పుడే కిందికి పోవలసిన ఆకు మీద పెన్సిలుతో చిన్న ఇంటూ గుర్తు పెట్టేవారు.

తడిపిన తోలు ముదురు రంగుకు తిరుగుతుంది. ఆ రంగు మళ్లీ తేలుతూ, చెంపకు ఆనిస్తే ఇంకా చల్లగా తగిలే వేళకే సుత్తి పట్టాలి. ముందే కొడితే ముద్ర బురదలో అడుగులా పూడిపోతుంది. ఆలస్యమైతే తోలు మొండికేస్తుంది. ఎండాకాలంలో ఆ వేళ ఇలా వచ్చి అలా పోతుంది. వానల్లో ఎంతకీ రాదు. చూరు నీళ్లు కారుతుంటే, తడిగుడ్డ కప్పిన తోలు ముందు చేతులు కట్టుకుని, ఎదురుగా ఒకరి మొహం ఒకరు చూస్తూ కూర్చోవడమే మా పని అయింది. ఎదురుగా ఉన్నది నచ్చని మొహమైతే ఆ ఆరడం ఇంకా ఆలస్యమవుతుంది.

అప్పుడే ఊళ్లో కట్టిన కొత్త హోటలు వాళ్లు వచ్చారు. ముందుహాల్లో గోడకు తోలు పలక కావాలన్నారు, మనిషి నిలువంత ఎత్తు, దానికి రెండింతల పొడవు. రెండు చివర్ల నుంచీ రెండు తీగలు పాకుతూ వచ్చి మధ్యలో కలవాలి.

మామగారు బొమ్మ గీశారు. గీత గీస్తుంటే చేయి వణికింది. ఆ ఏడు మొదలైన వణుకు అది, మేం చూడనట్టు నటించేవాళ్లం. ఆయన పెన్సిలు కింద పెట్టి, భోజనాల దగ్గర అందరిముందూ చెప్పేశారు.

"ఎడమ చివర నుంచి పెద్దకోడలు చెక్కుతుంది, కుడి చివర నుంచి చిన్నకోడలు. ఈ పని అయ్యాక నేను రాయి దగ్గర కూర్చోను. ఎవరు కూర్చోవాలో పనే చెప్తుంది."

రాయి అంటే కిటికీ కింద ఉన్న నల్లరాయి. దాని మీద పెట్టి కొడితే దెబ్బ వృథా పోదు. మామగారి నాన్నగారి నుంచీ వస్తున్నది. రాయి దగ్గర కూర్చున్నవాళ్లే బొమ్మ గీస్తారు, చివరి చేయి వేస్తారు, పని ఇల్లు దాటాలో వద్దో చెప్తారు. ఆ చోటు నాదని నేను ఎప్పుడో అనుకుని పెట్టుకున్నాను. నిన్నగాక మొన్న వచ్చిన పిల్లతో పందెం వేసి గెలుచుకోవాలని అనుకోలేదు.

"ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవు నాన్నా," అన్నాడు మా ఆయన.

"కత్తులెక్కడివిరా, ఉన్నవి సుత్తులే," అని ఆయన చేయి కడుక్కున్నారు.

పలక వెనకగది అంతా పరుచుకుంది. ఎడమవైపు నేను, కుడివైపు ఆ పిల్ల. ఎవరు కొట్టే చోట వాళ్లు కింద ఒక బండ జరుపుకుంటూ, మిగతాదాని మీద తడిగుడ్డా ప్లాస్టిక్ పట్టా కప్పుతూ పోయేవాళ్లం. నా చేయి నా పనిలో ఉండేది గానీ చెవి దాని సుత్తి మీదే. నా దెబ్బ బరువు, ఆగి ఆగి పడుతుంది. దానిది తేలిక, గడియారంలా నడుస్తుంది. ఆ చప్పుడు ఆగినప్పుడల్లా, మామగారు దాని దగ్గర ఆగారా అని తలెత్తేదాన్ని. ఆయన దాటుకుంటూ "బాగుంది" అని నా దగ్గరికి వచ్చి కూలబడి, వరస అందుకునేవారు.

"మెట్లు కనిపిస్తున్నాయే పెద్దదానా. వాలుతో ఒక దెబ్బకీ ఇంకో దెబ్బకీ మధ్య మెట్టు పడుతోంది. మేడ ఎక్కాలా ఏం నీ ఆకు మీద?"

ఆ పిల్ల తల ఎత్తకుండా వినేది. లోపల నవ్వుకుంటోందని నాకు గట్టి నమ్మకం.

ఒకరోజు వాన ఒక్కసారిగా అందుకుంటే, మేడ మీది బట్టలు తీయడానికి అది పరిగెత్తింది. గదిలో నేనొక్కదాన్నే. లేచి వెళ్లి, పట్టా ఎత్తి, కళ్లు మూసుకుని, దాని ఆకు మీద వేలు నడిపించాను. గీత దగ్గర లోతు. అక్కడి నుంచి వేలు జారుతూ జారుతూ ఎక్కడ సమమైందో తెలియకుండా సమమైంది. మెట్టు లేదు. ముద్రను ఎత్తి పెట్టడం లేదది, పెట్టినచోట నుంచి వెంట్రుకవాసి జరుపుతూ కొడుతోంది. నాకు ఏడుపొచ్చింది. తిరిగొచ్చి నా చోట కూర్చుని నేనూ అలాగే జరుపుతూ కొట్టడం మొదలుపెట్టాను. రెండు రోజులకు చేయి తిరిగింది. మామగారు నా కొత్త ఆకు మీద బొటనవేలు రాసి, ఏమీ అనకుండా, పక్క ఆకులో ఇంకో తప్పు వెతుక్కున్నారు.

"కళ్లలో నిప్పులు పోసుకుంటున్నావే," అన్నాడు మా ఆయన, దారపుకండె కోసం వచ్చి నన్ను చూసి.

"పోసుకుంటే పనికొస్తోంది కదా," అన్నాను.

అలా తీగలు పాకుతూ మధ్యకు వచ్చాయి. మధ్యలో రెండు ఆకులు, దానిదొకటి, నాదొకటి. ఒకదాని భుజం ఒకటి ఆనుకుని, కొసలు ఒకేచోటికి వచ్చి ఉన్నాయి. ఇద్దరి ఆకులకూ మధ్య గీత ఒకటే. గీతలన్నీ అప్పటికే కోసి ఉన్నాయి. వాలు వేయడమే తరువాయి. ఎవరిది పైకి రావాలో ఇంటూ గుర్తు కోసం వెతికాను. లేదు.

"మామయ్యా, మధ్యలో ఏది పైన?" అన్నాను.

"కళ్లున్నాయి కదా," అన్నారు.

నా కళ్లకు నాదే పైన కనిపించింది. అయినా ఆ సాయంత్రం తోలు మరీ తడిగా ఉందని, పొద్దున చూద్దామని కప్పేసి పైకి వెళ్లిపోయాను. ఆ పిల్ల, "నువ్వు పదక్కా, నేను సర్దేసి వస్తా," అంది. నేనూ పెద్ద మనసు చేసుకుని సరే అన్నాను.

పొద్దున మామగారూ మా ఆయనా హోటలు గోడ కొలుచుకోవడానికి వెళ్లారు. నేను పట్టా తీసి, గుడ్డ ఎత్తాను. మధ్య గీత వెంట నా ఆకు నొక్కేసి ఉంది. ఎంత శుభ్రంగా నొక్కిందంటే, ఆ పిల్ల ఆకు దర్జాగా పైన నిలబడింది, నాది దాని కింద నుంచి బిక్కుబిక్కుమంటూ చూస్తోంది.

కోపం వచ్చింది, రాకుండా ఎలా ఉంటుంది. కానీ దానికంటే ముందు ఇంకొకటి వచ్చింది. అక్కా అక్కా అని వెనకాల తిరిగే ఈ నంగనాచికి కూడా రాయి మీద కన్నుంది. ఇన్నాళ్లూ నేనొక్కదాన్నే కుళ్లుకుంటున్నానని సిగ్గుగా ఉండేది. ఆ సిగ్గు కాస్తా వదిలింది. హాయిగా పీట లాక్కుని, తోలు తడిపి, చెంపకు ఆనించి చూసి, వాలు తీసుకుని అదే గీత వెంట దాని ఆకును నొక్కేశాను. జరుపుతూ, ఒక్క మెట్టు పడకుండా, అది చేసినంత శుభ్రంగానూ.

పూర్తయ్యాక చూస్తే రెండు ఆకులూ లేవు. ఇటు నాదీ మునిగింది, అటు దానిదీ మునిగింది. మధ్యలో గీత ఉండవలసిన చోట, రెండువైపుల దెబ్బలకూ నలిగిన తోలు సన్నటి గట్టులా నిలబడింది. తోలు మీద ఒకసారి దిగిన చోటు మళ్లీ లేవదు.

తడిగుడ్డ పట్టుకుని వచ్చిన తోడికోడలు గుమ్మంలో ఆగి, పలకను చూసింది, నన్ను చూసింది.

"ఏం చేశావక్కా?"

"నువ్వు చేసిందే."

అది వచ్చి అటువైపు కూర్చుంది. గట్టు మీద గోరుతో మెల్లగా రాసింది.

"రాయి కావాలని అడగొచ్చు కదే. దొంగతనంగా నొక్కడం ఎందుకు?" అన్నాను.

"రాయి నాకెందుకక్కా? నీ ఆకు పైనుంటే మామయ్య మళ్లీ నీ దగ్గరే ఆగుతారు."

"ఆగి ఏం చేస్తారు? తిడతారు."

"అదే. నన్ను ఒక్కసారైనా తిట్టారా?" దాని గొంతు మొదటిసారి కాస్త పెరిగింది. "బాగుంది అంటారు, పోతారు. దుకాణానికి ఎవరొచ్చి ఏ పాత సంచి చూపించినా అదే మాట. మొన్న కరెంటు పనివాడు స్విచ్చు బిగిస్తే దానికీ బాగుంది అన్నారు. నీ దగ్గర కూర్చుంటే మాత్రం లేవరు. నీ చేతిలోంచి సుత్తి లాక్కుని మరీ చూపిస్తారు. ఆయన నీకు చెప్పేవన్నీ నేను ఇక్కడి నుంచి వింటూ నేర్చుకుంటున్నా. ఎన్నాళ్లని దొంగచాటుగా వినను?"

ఈ పిల్ల నన్ను చూసి ఏడుస్తోందట. ఎందుకూ, నా తిట్లకు. నాకు జాలి వేసిందని చెప్తే బాగుంటుంది. నిజానికి ఎక్కడలేని సంతోషం వేసింది.

"ఏడుపు తర్వాత. ఆయన భోజనానికి వచ్చేస్తారు," అన్నాను.

"తడిపి రుద్దితే గట్టు అణగదా?"

"అణగదు. అణిగినా మచ్చ పడుతుంది."

"వెనక నుంచి నొక్కి నీ ఆకు లేపితే?"

"ఎవరి ఆకు లేపుతావే, మళ్లీ మొదలా?"

ఇద్దరం ఆ గట్టునే చూస్తూ కూర్చున్నాం. నిలబడి ఉంది. దానికి అటూ ఇటూ తోలు జారుతోంది. ఈ మాట నేనెక్కడో విన్నాను. ఎక్కడో ఏమిటి, ఈ గదిలోనే, ఈ చెవులతోనే, విని విని చెవులు తూట్లు పడ్డాయి. ఈనె నిలబడాలి, దానికి అటూ ఇటూ ఆకు జారాలి.

"ఇది గట్టు కాదు, ఈనె," అన్నాను. "రెండు ఆకులు కావు ఇవి. ఒకటే పెద్ద ఆకు. నాదో సగం, నీదో సగం."

ఆ పిల్ల తల పక్కకు వాల్చి చూసింది. ఇంకోవైపు వాల్చి చూసింది. కత్తి తీసుకుని, ఆ ఈనె నుంచి తన సగంలోకి చిన్న ఈనెలు కోయడం మొదలుపెట్టింది. నేను నా సగంలో కోశాను. తర్వాత గుండ్రటి ముద్రతో చెరొకవైపు పల్లాలు తీశాం. దాని తేలిక చప్పుడూ నా బరువు చప్పుడూ ఒకదాని వెంట ఒకటి పడుతూ పోయాయి. మధ్యమధ్య ఎవరి సగం బాగా వస్తోందో ఇద్దరం దొంగచూపులు చూసుకున్నాం.

మామగారు వచ్చారు. గొడుగు మూల పెట్టి, పలక వెంట ఎడమ నుంచి నడుస్తూ వచ్చి, మధ్యలో ఆగారు. తర్వాత కింద కూర్చుని, వణికే చేత్తో ఈనె మీద బొటనవేలు పెట్టి కళ్లు మూసుకున్నారు.

"రెండు తీగలకు కలిపి ఒక ఆకు ఎక్కడైనా కాస్తుందా?" అన్నారు.

తోడికోడలు పనిముట్లు ఏరడం మొదలుపెట్టింది.

"నేను గీసింది ఇది కాదు. చెడగొట్టి బాగుచేశారు." వేలు ఈనె మీదనే ఉంది. "ఇది ఎవరికి తోచింది?"

చెప్తుందా చెప్పదా అని నేను చూస్తున్నాను. నేనైతే చెప్పేదాన్ని కాదు.

"అక్కకి," అంది తోడికోడలు.

ఆయన తల ఊపారు. లేచి, కిటికీ దగ్గరకు వెళ్లి, రాయి మీద ఉన్న తన కళ్లజోడూ పెన్సిలూ తీసి జేబులో పెట్టుకున్నారు. "రేపటి నుంచి ఇక్కడ కూర్చో పెద్దదానా," అన్నారు, కుర్చీ జరుపుకోమన్నంత మామూలుగా. అన్నం వడ్డించమని పైకి ఎక్కబోతూ, ఆగి, వెనక్కి తిరిగి పలక కుడి సగం వైపు వేలు చూపించారు.

"ఏమే చిన్నదానా, నీ సగం ఇంత పిరికిగా ఉందేం? తోలుకు నొప్పి పుడుతుందని భయమా? చేతిలో నాజూకు ఉంటే సరిపోయిందా, పల్లం తీస్తే పల్లం కనిపించొద్దూ? కొత్తపిల్లవు కదా అని ఇన్నాళ్లూ ఊరుకున్నాను. ఇలా ఇవ్వు సుత్తి."

ఆ పిల్ల తల వంచుకుని సుత్తి అందించింది. మొహం కనిపించలేదు గానీ చెవులు ఎర్రబడి, మెడ దాకా నవ్వు పాకడం నాకు కనిపించింది.

పలక హోటలుకు వెళ్లింది. చూసినవాళ్లందరూ మధ్య ఆకు దగ్గరే ఆగుతున్నారని, దాని పేరేమిటని అడుగుతున్నారని మా ఆయన చెప్పాడు. వానలు తెరిపిచ్చాయి. నేను రాయి దగ్గర కూర్చున్నాను. కిటికీ వెలుతురు చేతుల మీద పడుతుంది, దెబ్బ వృథా పోదు, నేను చెప్పనిదే పని ఇల్లు దాటదు. కోరుకున్నదంతా వచ్చింది. మామగారు మాత్రం తన పీట తీసుకెళ్లి తోడికోడలి పక్కన వేసుకున్నారు. పొద్దున్నుంచి దీపాలు పెట్టేదాకా నా వీపు వెనక ఒకటే వరస. "ఏమే చిన్నదానా, ఇది ఆకా, విసనకర్రా?" "ఏమే చిన్నదానా, నిద్రపోతోందే నీ వాలు." ఇన్నేళ్లు నేను తిన్న తిట్లు, నాకోసం ఆయన కట్టిన మాటలు, ఒక్కొక్కటీ తీసి దానికి పెట్టేస్తున్నారు.

ఒకరోజు పంతం పట్టి ఒక ఆకు చెక్కాను. అంచు ముడుచుకుని, కొస తిరిగి, ఈనె నిలబడి, పల్లం పల్లంగా జారిన ఆకు. అలాంటిది నా చేతిలో అంతకుముందు రాలేదు. తీసుకెళ్లి మామగారి ముందు పెట్టాను. ఆయన కళ్లు మూసుకుని బొటనవేలు నడిపించారు, ఆ చివర నుంచి ఈ చివర దాకా.

"బాగుంది," అన్నారు. నా చేతికి ఇచ్చేసి, తోడికోడలి సుత్తి లాక్కున్నారు.

నేను వచ్చి నా చోట కూర్చున్నాను. కాసేపు ఆ ఆకును చూశాను, బోర్లా తిప్పి పక్కన పెట్టాను. ఒక కొత్త ముక్క తడిపి, ఆరకముందే, కావాలని, ఇస్త్రీ చేసినంత చదునుగా ఒక ఆకు కొట్టాను. అటు నుంచి వచ్చేటప్పుడు ఆయన కంటపడేలా, దాన్ని రాయి అంచున పెట్టుకుని కూర్చున్నాను.